దుకాణం ఫోనుకు తాళం

(మన సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యాపారస్తులు వాడుతున్న ఇంటర్నెట్ ఫోను గురించి, దానికి దొంగల వల్ల వస్తున్న బెడద గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యదర్శిగారు మమ్మల్ని కోరారు. బడిపంతుళ్ళకు ఈ విషయంతో ఏం పని అని మీలో కొందరికి తోచవచ్చు. మన సభ్యులలో బట్టల కొట్లవారు, ఉమ్రా ట్రావెల్సువారు, నర్సింగ్ హోములవారు, లారీ ట్రాన్స్‌పోర్టువారు చాలామంది ఉన్నారు. వారి ఆఫీసులలో పాత తీగల ఫోను పోయి ఇంటర్నెట్ మీద నడిచే ఫోను వస్తున్నది. అమ్మినవాడు దాని లాభాలన్నీ వివరించి చెబుతాడు గాని దానికి తాళం ఎక్కడ వేయాలో చెప్పడు. ఆ తాళం సంగతి చెప్పడమే ఈనాటి మా ప్రసంగం. ఇంజనీర్ల భాషలో కాకుండా మా బడిపిల్లలకు పాఠం చెప్పినట్టే చెబుతాము. పెద్దలు మన్నించాలి.

పాత తాళం, పాత దొంగలు

ఇక్కడ కూర్చున్న పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. పూర్వం గుండ్రటి డయలు ఉన్న నల్ల ఫోను రోజుల్లో దుకాణదారులు డయలు కన్నంలో ఒక చిన్న తాళం బిగించి తాళంచెవి మొలతాడుకో జందెపు సంచికో కట్టుకుని ఇంటికి పోయేవారు. యజమాని లేని సమయంలో పనివాళ్ళు ట్రంకు కాల్సు చేస్తారేమో, బిల్లు తడిసి మోపెడవుతుందేమో అని భయం. ఆ తాళానికీ విరుగుడు ఉండేది. డయలు తిప్పకుండానే రిసీవరు పెట్టే హుక్కును వరుసగా తట్టి నంబరు కలిపే తెలివిగలవాళ్ళు ఆనాడే ఉండేవారు. డయలు చేసే పని కూడా లైనును అన్నిసార్లు తెంపి కలపడమే గదా!

అమెరికాలో ఇంకొక అడుగు ముందుకు పోయారు. అక్కడి ఎక్స్‌ఛేంజీలు 2600 హెర్ట్జుల శబ్దం వింటే లైను ఖాళీ అయిందనుకునేవి. పిల్లల తిండి డబ్బాలలో బహుమతిగా వచ్చే ఒక ఈల సరిగ్గా ఆ శబ్దమే చేసేది. ఆ ఈల ఊది డబ్బు కట్టకుండా దూరదేశాలకు ఫోను చేసినవారి గురించి 1971లో అక్కడి పత్రికలు పెద్దగా రాశాయి. చెప్పవచ్చేదేమంటే, ఫోను దొంగతనం కొత్తది కాదు. పూర్వం దొంగ మన దుకాణంలోకి రావాలి, లేదా ఈల పట్టుకుని ఫోను ముందు కూర్చోవాలి. ఇప్పుడు అతడు ఏ దేశంలో ఉన్నా మన బల్లమీది ఫోనుతో పనిచేయించగలడు. తేడా అంతే.

ఈ ఫోను ఎలా పనిచేస్తుంది

మనం మాట్లాడే మాటను యంత్రం ముక్కలు ముక్కలుగా కోస్తుంది. సాధారణంగా ఒక్కొక్క ముక్క సెకనులో యాభయ్యవ వంతు. ఆ ముక్కలకు చిరునామా రాసి, ఉత్తరాలను టపాలో వేసినట్టు, ఇంటర్నెట్‌లో వేస్తుంది. అవతలి యంత్రం వాటిని వరుసలో పేర్చి మళ్ళీ మాటగా వినిపిస్తుంది. ఎవరు ఎవరిని పిలుస్తున్నారు, గంట మోగిందా, ఎత్తారా, పెట్టేశారా అనే కబురు నడిపే పద్ధతికి సిప్ అని పేరు. దాని ఇప్పటి నియమావళి 2002లో ఖరారయింది.

ఆఫీసులో పది ఫోన్లు ఉంటే వాటన్నిటినీ కలిపే చిన్న ఎక్స్‌ఛేంజి ఒకటి కావాలి. పూర్వం దీనిని ఈ.పి.ఏ.బి.ఎక్స్. అనేవారు. గోడకు తగిలించిన పెట్టె అది. ఇప్పుడు ఆ పని కంప్యూటరు ప్రోగ్రామే చేస్తుంది. 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే యువకుడు ఆస్టరిస్క్ అనే ప్రోగ్రాము రాసి అందరికీ ఉచితంగా ఇచ్చాడు. దాని మీదా, దాని వంటి వాటి మీదా ప్రపంచంలో లెక్కలేనన్ని ఆఫీసుల ఫోన్లు నడుస్తున్నాయి. మంచిదే. అయితే గోడమీది పాత పెట్టెకు తీగ మాత్రమే దారి. కొత్త ఎక్స్‌ఛేంజి ఒక కంప్యూటరు గనుక, ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచితే ప్రపంచంలోని ప్రతి కంప్యూటరూ దాని తలుపు తట్టవచ్చు.

దొంగకు లాభం ఎక్కడ?

"మా కొట్లో ఫోను కొల్లగొడితే ఎవడికి ఏం వస్తుంది? మా మాటలు విని ఏం చేసుకుంటాడు?" అని చాలామంది అడుగుతారు. సబబైన ప్రశ్నే. దొంగకు మన మాటలకంటే మన బిల్లు ముఖ్యం.

కొన్ని నంబర్లకు ఫోను చేస్తే నిమిషానికి చాలా ఎక్కువ రేటు పడుతుంది. ఆ రేటులో ఒక వాటా నంబరు అద్దెకు తీసుకున్నవాడికి చేరుతుంది. దొంగ ముందుగా అటువంటి విదేశీ నంబర్లు అద్దెకు తీసుకుంటాడు. ఆ తర్వాత మన ఎక్స్‌ఛేంజిలో దూరి, మన పేరు మీద, మన లైన్ల మీద తన నంబర్లకే తాను ఫోను చేయించుకుంటాడు. మాట్లాడేవారు ఉండరు, వినేవారు ఉండరు. మీటరు మాత్రం తిరుగుతూ ఉంటుంది. అతడి వాటా అతడికి చేరిపోతుంది. బిల్లు తీరుబడిగా మన ఇంటికి వస్తుంది.

ఇది కట్టుకథ కాదు. 2014 మార్చిలో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, నార్‌క్రాస్ అనే ఊళ్ళో, ఏడుగురు పనిచేసే ఒక చిన్న ఇళ్ళ నమూనాల కంపెనీ ఫోనులో దొంగలు దూరారు. శని ఆదివారాల సెలవులో గాంబియా, సోమాలియా, మాల్దీవుల నంబర్లకు కాల్సు వెళ్ళాయి. ఆ ఒక్క వారాంతానికే బిల్లు 1,66,000 డాలర్లు. ఆ కంపెనీ మామూలుగా వాడుకునే లెక్కన అంత బిల్లు కావడానికి 34 ఏళ్ళు పట్టేదని పత్రికలు రాశాయి.

మన లెక్క మనం వేసుకుందాము. పది లైన్లున్న ఆఫీసు అనుకోండి. దొంగ చేసే కాలు నిమిషానికి 50 రూపాయలనుకోండి. శనివారం రాత్రి 9 గంటలకు షట్టరు దించారు, సోమవారం ఉదయం 9 గంటలకు ఎత్తారు. మధ్యలో 36 గంటలు, అనగా 2,160 నిమిషాలు. పది లైన్లకు 21,600 నిమిషాలు. యాభైతో గుణించండి. 10,80,000 రూపాయలు! ఇక ఈద్ సెలవులకు దుకాణం మూడు రోజులు మూసి ఉంటే ఎంతవుతుందో ఇంటికి వెళ్ళి పిల్లలచేత వేయించండి. సెలవులూ రాత్రులూ దొంగకు ఎందుకు ఇష్టమో అప్పుడు తెలుస్తుంది.

"మేము చేయలేదు, దొంగలు చేశారు, మేమెందుకు కట్టాలి?" అని ఫోను కంపెనీతో వాదించవచ్చు. కాని మీ ఎక్స్‌ఛేంజి మీ బాధ్యత, అక్కడినుండి వెళ్ళిన కాలుకు మీరే కట్టాలి అని ఒప్పంద పత్రంలో సన్న అక్షరాలలో రాసి ఉండటం మామూలు. సంతకం చేసే ముందు ఆ పంక్తి ఎక్కడ ఉందో వెతికి చదవండి.

దొంగ ఎలా వస్తాడు?

ఏదో మంత్రం వేసి వస్తాడనుకుంటాము. నిజానికి చాలామటుకు తెరిచి ఉన్న తలుపులోనుంచే వస్తాడు. అమెరికాలో ఎడ్విన్ పేనా అనే అతనిని 2006లో అరెస్టు చేశారు. అతడు ఇంటర్నెట్ ఫోను కంపెనీల యంత్రాలలో దూరి, వాటి మీదుగా కోటికి పైగా నిమిషాల కాల్సు దొంగతనంగా పంపి, ఆ నిమిషాలను చవకగా అమ్ముకున్నాడు. జామీను మీద బయటికి వచ్చి దేశం విడిచి పారిపోయాడు. 2009లో మెక్సికోలో దొరికాడు. 2010లో పదేళ్ళ జైలు పడింది. అతడికి సాయపడిన రాబర్ట్ మూర్ అనే కుర్రవాడికి 2007లోనే రెండేళ్ళు పడ్డాయి. జైలుకు వెళ్ళే ముందు ఆ కుర్రవాడు పత్రికలవారితో చెప్పిన దాని సారాంశం ఒక్కటే: ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డును మార్చకుండా చాలామంది అలాగే ఉంచేశారు, అందుకే పని సులువయింది.

ఈ పని ఇప్పుడు మనుషులు కూడా చేయనక్కరలేదు. సిప్ యంత్రాలు మామూలుగా 5060 అనే నంబరు గల తలుపు దగ్గర వింటూ ఉంటాయి. దొంగల ప్రోగ్రాములు రాత్రింబవళ్ళు ఇంటర్నెట్‌లోని చిరునామాలన్నిటికీ వెళ్ళి ఆ తలుపు తట్టి చూస్తాయి. జవాబు వస్తే 100, 101, 102 అని ఎక్స్‌టెన్షన్ నంబర్లు వరుసగా అడుగుతాయి. తర్వాత పాస్‌వర్డు 101, 1234, 0000 అని ప్రయత్నిస్తాయి. మీది చిన్న కొట్టా పెద్ద ఆసుపత్రా అని వాటికి తెలియదు, అక్కరలేదు కూడా. "మా వంటి చిన్నవాళ్ళ జోలికి ఎవరొస్తారు" అనే ధీమా పనికిరాదు.

ఇంకొక దారి, పాతబడిన ప్రోగ్రాము. 2025 ఆగస్టులో ఫ్రీ పి.బి.ఎక్స్. అనే ఎక్కువమంది వాడే ఎక్స్‌ఛేంజి ప్రోగ్రాములో ఒక లోపం బయటపడింది. నిర్వహణ పేజీని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచినవారి యంత్రాలలోకి దొంగలు పాస్‌వర్డు లేకుండానే దూరారు. కంపెనీ వెంటనే దానిని సరిచేసి కొత్త కూర్పు విడుదల చేసింది. పేజీని బయటికి తెరవనివారికి ఆ దారిన దొంగ రానేలేదు. ఈ ఒక్క ఉదాహరణ మనసులో ఉంచుకోండి.

వేయవలసిన తాళాలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాము. కాగితం, కలం ఉన్నవారు రాసుకోండి.

మొదటిది, విదేశీ కాల్సు. మీ దుకాణానికి విదేశాలతో పని లేకపోతే ఐ.ఎస్.డి. పూర్తిగా మూయించండి. ఎక్స్‌ఛేంజిలో మూయించడం చాలదు, ఫోను కంపెనీకి ఉత్తరం రాసి వారి దగ్గర కూడా మూయించండి. ఎక్స్‌ఛేంజిలో దూరిన దొంగ అక్కడి తాళం తీయగలడు గాని కంపెనీ దగ్గరి తాళం తీయలేడు. ఉమ్రా ట్రావెల్సు నడిపేవారికి సౌదీ కావాలి. అప్పుడు 966 ఒక్కటే తెరిపించండి. దుబాయితో పని ఉంటే 971 కూడా. ప్రపంచమంతా తెరవవలసిన అవసరం మనలో ఎవరికీ లేదు. అదైనా యజమాని బల్ల మీది ఫోనుకు ఉంటే చాలు, వాచ్‌మాన్ గదిలోని ఫోనుకు వద్దు.

రెండవది, డబ్బుకు హద్దు. రోజుకు ఇంత దాటితే లైను ఆపివేయండి అని కంపెనీకి రాసి ఇవ్వండి. లేదా ముందుగా డబ్బు కట్టి వాడుకునే పద్ధతి తీసుకోండి. ఇందాకటి లెక్కే చూడండి. రోజుకు 2,000 రూపాయల హద్దు ఉండి ఉంటే శని, ఆది, సోమ మూడు తేదీలకూ కలిపి నష్టం 6,000 దాటేది కాదు. పది లక్షల ఎనభై వేలు ఎక్కడ, ఆరు వేలు ఎక్కడ! ఒకేసారి ఎన్ని కాల్సు బయటికి పోవచ్చో దానికి కూడా హద్దు పెట్టించండి. రాత్రి వేళలలో, సెలవు రోజులలో బయటి కాల్సు ఆగిపోయేటట్టు ఎక్స్‌ఛేంజిలో ఏర్పాటు ఉంటుంది, దానిని వాడుకోండి.

మూడవది, పాస్‌వర్డు. నాలుగంకెల సంఖ్యలు మొత్తం పదివేలు. యంత్రం సెకనుకు వెయ్యి ప్రయత్నాలు చేస్తే పది సెకన్లలో అన్నీ అయిపోతాయి. అదే అక్షరాలు, అంకెలు కలిపి అడ్డదిడ్డంగా పన్నెండు పెడితే, అదే వేగంతో అన్నీ ప్రయత్నించడానికి సుమారు 15 కోట్ల సంవత్సరాలు పడుతుంది. "అంత పొడుగు పాస్‌వర్డు ఎవరికి జ్ఞాపకం ఉంటుందయ్యా" అంటారు. ఎవరికీ ఉండనక్కరలేదు. ఫోను యంత్రంలో ఒకసారి ఎక్కిస్తే దానికే జ్ఞాపకం ఉంటుంది. ప్రతి ఎక్స్‌టెన్షన్‌కు వేరు వేరు పాస్‌వర్డు ఉండాలి. వాయిస్ మెయిల్‌కు ఉండే సంఖ్యను కూడా 0000 నుంచి మార్చాలి. అవసరం లేకపోతే వాయిస్ మెయిలే తీసివేయడం మేలు.

నాలుగవది, గోడ. ఎక్స్‌ఛేంజిని ఇంటర్నెట్‌కు తిన్నగా తగిలించవద్దు. మధ్యలో ఫైర్‌వాల్ అనే గోడ ఉండాలి. మీ ఫోను కంపెనీ చిరునామాను తప్ప ఇంకెవరినీ ఆ గోడ దాటనివ్వవద్దు. ఇంటినుంచి పనిచేసే గుమాస్తా ఉంటే వి.పి.ఎన్. అనే సొంత సొరంగం దారిన రమ్మనండి. కొందరు 5060 నంబరు మార్చేసి నిశ్చింతగా ఉంటారు. అది తలుపు ముందు పరదా కట్టడం వంటిది. చప్పుడు కాస్త తగ్గుతుంది గాని పరదా తాళం కాదు.

ఐదవది, చౌకీదారు. తప్పు పాస్‌వర్డు నాలుగైదుసార్లు కొట్టినవాడి చిరునామాను తనంతట తానే అడ్డుకునే ఫెయిల్ టు బాన్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. పెట్టిన కుర్రవాడిని అది ఉందా, పనిచేస్తున్నదా అని అడగండి.

ఆరవది, మరమ్మతు. ఎక్స్‌ఛేంజి ప్రోగ్రాముకు, బల్లమీది ఫోన్లకు, రౌటరుకు కంపెనీ కొత్త కూర్పు ఇచ్చినప్పుడల్లా వేయించాలి. నెలకొక రోజు నిర్ణయించుకోండి. కొత్త కూర్పు వేసే ముందు పాతదాని నకలు తీసి పెట్టుకోవాలి. అయితే ఒక్కొక్కసారి కంపెనీ ఇచ్చిన కూర్పులోనే విషం కలుస్తుంది. 2023 మార్చిలో త్రీ సి.ఎక్స్. అనే ఫోను కంపెనీ కంప్యూటరు ప్రోగ్రాములో దొంగలు అలాగే తమ సరుకు కలిపి పంపారు. అందుచేత ఒక్క తాళాన్ని నమ్ముకోవద్దు. ఒకటి తప్పితే ఇంకొకటి కాయాలి.

ఏడవది, వేరు వేరు దారులు. దుకాణానికి వచ్చినవారికి ఇచ్చే వైఫై, ఫోన్లు నడిచే లైను ఒకటే కాకూడదు. ఈ రెండూ విడదీయడం పెట్టేవాడికి పెద్ద పని కాదు. అడిగితే చేస్తాడు, అడగకపోతే చేయడు.

ఎనిమిదవది, తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి? దీని మీద కొంచెం ఆగి మాట్లాడాలి. చాలా దుకాణాలలో ఎక్స్‌ఛేంజి పాస్‌వర్డు యజమానికి తెలియదు. పెట్టి వెళ్ళిన కుర్రవాడి సెల్‌ఫోనులో ఉంటుంది. ఆ కుర్రవాడు ఇంకో ఊరు పోతాడు, లేదా గల్ఫు పోతాడు. యజమాని ఆ సొంత ఇంట్లోనే కిరాయిదారు అయిపోతాడు. పని పూర్తి అయిన రోజే పాస్‌వర్డులన్నీ కాగితం మీద రాయించుకుని, వాటిని మార్చి, కవరులో పెట్టి దుకాణం పత్రాలతో పాటు బీరువాలో భద్రపరచండి. పనివాడు మానేసి వెళ్ళిపోతే అతడి ఎక్స్‌టెన్షన్ ఆ రోజే తీసివేయండి. వెళ్ళినవారి మీద అనుమానం ఉండి చెప్పడం లేదు. అతడి సెల్‌ఫోను పోయినా అందులోని మన తాళంచెవి పోయినట్టే గదా!

తొమ్మిదవది, లెక్క చూడటం. రోజూ గల్లా లెక్క చూసుకుంటాము. అలాగే నిన్నటి కాల్సు జాబితా ఉదయం టీ తాగుతూ రెండు నిమిషాలు చూడండి. తెలియని దేశం, అర్ధరాత్రి కాలు కనిపిస్తే వెంటనే తెలుస్తుంది. దొంగ చాలాసార్లు ముందు ఒకటి రెండు చిన్న కాల్సు చేసి దారి తెరిచి ఉందో లేదో పరీక్షించుకుంటాడు. ఆ చిన్నకాలును పట్టుకున్నవాడు పెద్ద నష్టాన్ని తప్పించుకుంటాడు.

ఎక్స్‌ఛేంజి తమ దగ్గర లేదు, ఫోను కంపెనీవారే తమ సర్వరు మీద నడుపుతున్నారు అనేవారు కూడా ఉంటారు. గోడ, మరమ్మతు వారి పని అవుతుంది. పాస్‌వర్డు, విదేశీ కాల్సు, డబ్బు హద్దు, రోజువారీ జాబితా మాత్రం మన పనిగానే మిగులుతాయి.

మాట కూడా అమానతే

ఇంతవరకు డబ్బు సంగతి చెప్పాము. డబ్బుకంటె పెద్దది ఇంకొకటి ఉంది. నర్సింగ్ హోముకు ఫోను చేసే తల్లి తన బిడ్డ జబ్బు చెబుతుంది. పెళ్ళి సంబంధాలు చూసేవారికి ఇంటి గుట్టు చెబుతారు. జకాత్ నిధికి ఫోను చేసే విధవరాలు తన అవసరం చెప్పుకుంటుంది. పక్కింటివారికి తెలియకూడదని ఆమె కోరిక. ఆ మాట మన దగ్గర అమానత్. తాళం లేని ఎక్స్‌ఛేంజిలో దూరినవాడు రికార్డు చేసిన సంభాషణలు కూడా వినగలడు. కావున కాల్సు రికార్డు చేసే అలవాటు అవసరం లేకపోతే మానండి. ఉంటే ఎన్నాళ్ళు ఉంచాలో నిర్ణయించి ఆపైన చెరిపివేయండి. టి.ఎల్.ఎస్., ఎస్.ఆర్.టి.పి. అనే రెండు ఏర్పాట్లు ఉన్నాయి. మొదటిది కాలు కబురును, రెండవది మాటను, దారిలో ఎవరూ చదవకుండా గుప్తలిపిలోకి మారుస్తాయి. మీ ఫోను కంపెనీ ఇస్తుందా అని అడిగి పెట్టించండి.

ఇంకొక జాగ్రత్త. ఫోను మీద కనిపించే నంబరును బట్టి మనిషిని నమ్మవద్దు. నంబరు మార్చి చూపించడం ఇంటర్నెట్ ఫోనులో కష్టం కాదు. విదేశాలనుండి వస్తూ మన దేశపు నంబర్లుగా కనబడే దొంగ కాల్సును ఆపడానికి కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో ప్రత్యేకంగా ఒక వ్యవస్థను ప్రారంభించవలసి వచ్చింది. "మేము మీ ఫోను కంపెనీనుంచి, మీ ఎక్స్‌ఛేంజి పాస్‌వర్డు చెప్పండి" అని ఎవరైనా అడిగితే పెట్టేసి, బిల్లు మీద ఉన్న నంబరుకు మీరే ఫోను చేసి కనుక్కోండి.

దొంగ పడితే ఏం చేయాలి?

కంగారు పడవద్దు. మొదట ఎక్స్‌ఛేంజికి ఇంటర్నెట్ తీగ పీకివేయండి. వెంటనే ఫోను కంపెనీకి చెప్పి బయటి కాల్సు ఆపించి, ఫిర్యాదు నంబరు, సమయం రాసుకోండి. ఆ తర్వాత అదే విషయం రాతపూర్వకంగా పంపండి. యంత్రంలో ఉన్న రికార్డును చెరపవద్దు, కుర్రవాడిని పిలిచి "మళ్ళీ మొదటినుంచి వేసేయి" అనవద్దు. సాక్ష్యం అందులోనే ఉంటుంది. జాతీయ సైబర్ నేరాల పోర్టలులో, అనగా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో, ఫిర్యాదు నమోదు చేయండి. డబ్బు మోసం జరిగితే 1930 నంబరుకు కూడా చెప్పండి. పోలీసు స్టేషనులో రసీదు తీసుకోండి. కంపెనీలుగా నడిచే సంస్థలు ఇటువంటి సంఘటనను తెలిసిన 6 గంటలలోపు సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలని, యంత్రాల రికార్డును 180 రోజులు ఉంచాలని 2022 ఏప్రిల్ 28న ఉత్తర్వులు వచ్చాయి. ఇతరుల పాస్‌వర్డును మోసంతో వాడినవారికి ఐ.టి. చట్టం 66 సి సెక్షను కింద మూడేళ్ళదాకా జైలు, లక్ష రూపాయలదాకా జుర్మానా ఉన్నాయి.

ఫోను పూర్తిగా మూగబోయే రోజు కూడా రావచ్చు. 2021 సెప్టెంబరులో కెనడాలోని వాయిప్ డాట్ ఎం.ఎస్. అనే ఫోను కంపెనీ మీద దొంగలు దొంగ సందేశాల వరద పంపి, డబ్బు ఇస్తేగాని ఆపమన్నారు. వారం రోజులకు పైగా దాని ఖాతాదారులు అవస్థ పడ్డారు. కావున ఆసుపత్రులు, అంబులెన్సు నడిపేవారు మామూలు సెల్ నంబరు ఒకటి వేరుగా ఉంచి బోర్డు మీద రాయించాలి.

చవక నిమిషాలు

యువకులకు ఒక్క మాట. దొంగిలించిన నిమిషాలు ఎక్కడికి పోతాయి? పేనా కథలో విన్నారు, చవకగా అమ్ముడుపోతాయి. మన ఇళ్ళలో సౌదీ, కువైట్, దుబాయిలలో పనిచేసేవారు లేని ఇల్లు తక్కువ. చవక అనగానే ఎగబడే అవసరం మనకు ఉంది. మరీ నమ్మలేనంత చవకగా ఎవరైనా నిమిషాలు అమ్మితే, అది ఏ దుకాణదారు మూసిన షట్టరు వెనకనుంచి వస్తున్నదో ఒకసారి ఆలోచించండి. అలాగే "మీ గదిలో ఈ పెట్టె పెట్టుకోండి, కరెంటు, ఇంటర్నెట్ ఇవ్వండి, నెలకు ఇంత ఇస్తాము" అని, "మీ పేరు మీద సిమ్ కార్డులు తీసి ఇవ్వండి" అని వచ్చేవారున్నారు. అది అనుమతి లేని దొంగ ఎక్స్‌ఛేంజి. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం ప్రకారం అనుమతి లేకుండా అటువంటివి నడపడం జైలుశిక్ష పడే నేరం. పెట్టె పెట్టించినవాడు ఎక్కడో ఉంటాడు, పోలీసులకు దొరికేది గది కిరాయిదారు. నెలకు నాలుగు వేల కోసం కేసులో ఇరుక్కుంటే ఉద్యోగమూ పోతుంది, పాస్‌పోర్టుకూ చిక్కు వస్తుంది. ఆ సొమ్ము హలాల్ కూడా కాదు.

సంఘానికి మా మనవి

చివరగా సంఘానికి ఒక సూచన చేస్తున్నాము. ఇందాక చెప్పిన తొమ్మిదింటిలో పెద్ద ఖర్చుతో కూడినది ఒక్కటీ లేదు. కావలసింది అడిగేవాడు. పెద్ద కంపెనీలో ఆ పనికి జీతగాడు ఉంటాడు. మన చిన్న దుకాణంలో, భర్త పోయాక వ్యాపారం నడుపుతున్న సోదరి దుకాణంలో ఎవరున్నారు? మన సభ్యుల పిల్లల్లో కంప్యూటరు చదివినవారు ఉన్నారు. వారిలో నలుగురైదుగురు ముందుకు వచ్చి, ఆదివారం పూట, యజమాని పక్కన కూర్చుని ఈ తొమ్మిదీ ఒక్కొక్కటిగా సరిచూసి రాగలరు. పాస్‌వర్డు మాత్రం యజమానే వేయాలి, చూసినవారు ముఖం అటు తిప్పుకోవాలి. ఖిద్మత్‌లో అది మొదటి అదబ్.

మా ఉర్దూ మీడియం పిల్లలు ఈ పనికి రారు అనుకునే తల్లిదండ్రులకు కూడా మనవి. ఇంగ్లీషు రాదని బెంగపడి పదవ తరగతితో ఆగిపోయేవారిని ఏటా చూస్తూనే ఉన్నాము. సిప్ అనేది ఎవరికీ మాతృభాష కాదు. ఉర్దూలో చదివినవాడూ, తెలుగులో చదివినవాడూ, ఇంగ్లీషులో చదివినవాడూ దానిని మొదటినుంచి నేర్చుకోవలసిందే. లెక్క తెలిసి, ఓపిక ఉండి, నిజాయితీ ఉన్న పిల్లవాడికి ఈ తాళాలు వేసే పని మంచి జీవనోపాధి కాగలదు. అటువంటి పిల్లలు ముందుకు వస్తే సంఘం వారికి శిక్షణ ఫీజులో సాయం చేయాలని కోరుతున్నాము.

ఒంటెను ముందు కట్టి, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమన్న బోధ మనకు చిన్ననాటినుంచి తెలిసినదే. తవక్కుల్ అంటే తలుపు తెరిచిపెట్టి పడుకోవడం కాదు. ఈ రాత్రి ఇంటికి వెళ్ళగానే ఒక్క పని చేయండి. విదేశీ కాల్సు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, రోజుకు డబ్బు హద్దు ఎంత అని రేపు ఉదయమే ఫోను కంపెనీని అడగడానికి ఒక చీటీ రాసి జేబులో పెట్టుకోండి. మిగతా ఏడు తాళాలూ వారానికొకటి చొప్పున వేసుకున్నా రెండు నెలలు దాటకుండా అన్నీ పూర్తవుతాయి.

అల్లాహ్ మన రోజీలో బరకత్ ప్రసాదించుగాక, మన దగ్గర ఉన్న అమానతులను కాపాడే శక్తిని మనకు ఇచ్చుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.